చేవ చరిత్ర: దక్షిణ తెలంగాణ ఎత్తుభూముల్లో కలప ఎంపిక – క్యూకర్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

బిలియర్డ్స్, పూల్ ఆటలకు ప్రత్యేకంగా చేయించుకొనే క్యూకర్రల విపణిలో 'అరుదైన పరదేశపు కలప'గా చలామణి అయ్యే ఎబొనీ, రోజ్‌వుడ్, సాటిన్‌వుడ్ జాతులు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నల్లమల అంచుల్లో తునికి, జిట్రేగి, బిల్లుడు అన్న పేర్లతో నిత్యపరిచితమైన చెట్లు. ఈ ప్రాంతపు వడ్రంగులకు, చెంచులకు తెలిసిన కలప ఎంపిక పద్ధతిని క్యూకర్ర తయారీలోని ఎంపిక పద్ధతితో పోల్చి, చెట్టు విలువను ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. అరుదుదనం చెట్టుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదనీ, దూరం, కాలం, చట్టం కలిసి దానికి కల్పించిన గుణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చేవ, తునికి, జిట్రేగి, అమ్రాబాద్, వడ్రంగం, అటవీ చట్టం, క్యూకర్ర

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'చేవ' అన్న మాటకు చెట్టు కాండం లోపల గట్టిపడిన భాగమని మొదటి అర్థం. మనిషి సత్తువకు, సామర్థ్యానికి, తెగువకు ఆ మాటను వాడడం దాని నుంచి పుట్టిన లాక్షణిక ప్రయోగం. చేవగల మనిషి, చేవ చచ్చిన మనిషి అన్న వాడుకలు వడ్రంగి పరిజ్ఞానం భాషలోకి ఎంత లోతుగా దిగిందో తెలుపుతాయి. కలప చరిత్రను చెప్పడానికి ఈ ఒక్క మాట మంచి ఆధారం. ఎందుకంటే చేవ ఒక్కరోజులో ఏర్పడదు. వృక్షశాస్త్రం అంతర్దారువు అని పిలిచే ఈ భాగం చెట్టు వయసుతో పాటు కాండం నడుమ మెల్లగా పేరుకొంటుంది. నీటిని పైకి చేరవేసే పని మానిన కణాల్లో రంగు ద్రవ్యాలు, జిగురులు నిండి కర్రకు ముదురు రంగు, బరువు, పురుగుకు లొంగని గుణం వస్తాయి. అందువల్ల చేవ చరిత్ర అంటే చెట్టును ఎంతకాలం బతకనిచ్చారన్న చరిత్ర కూడా.

ఈ చరిత్రను పరిశీలించడానికి బిలియర్డ్స్ బల్ల మీది క్యూకర్రను సాధనంగా తీసుకోవడం మొదట వింతగా తోచవచ్చు. అయితే కలపను దాని గుణాన్ని బట్టి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క జాతిగా ఎంచుకొనే అలవాటు యంత్రోత్పత్తి కాలంలోనూ నిలిచి ఉన్న కొద్దిపాటి వస్తువుల్లో అది ఒకటి. ఆ ఎంపికలో మెచ్చుకొనే గుణాలకూ, నల్లగొండ పల్లెల్లో బండికీ నాగలికీ కర్ర ఎంచుకొనేటప్పుడు చూసిన గుణాలకూ దగ్గరి పోలిక ఉంది. పోలిక కర్ర గుణం దగ్గరే ఆగిపోతుంది. కర్ర మీద హక్కు, దాని ధర, ఎంచిన చేతికి దక్కే గుర్తింపు విషయంలో రెండింటికీ పొంతన లేదు. ఆ తేడా ఎలా ఏర్పడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. క్యూకర్ర కోరే కలప

యూరపులో బిలియర్డ్స్ ఆటను తొలినాళ్లలో మేస్ అనే, కొసన వెడల్పాటి తలగల కర్రతో ఆడేవారు. క్రమంగా దాని పిడి కొసతో బంతిని పొడవడం వాడుకలోకి వచ్చి క్యూ రూపుదిద్దుకొంది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా మింగో పేరిట తోలు మొన ప్రచారంలోకి వచ్చాక, బంతిని కోరిన దిక్కుకు తిప్పగల నేర్పు ఆటలో ప్రధానమైంది. నేర్పు పెరిగినకొద్దీ కర్ర మీద పట్టింపు పెరిగింది. భారతదేశంతో ఈ ఆటల బంధం పాతది. స్నూకర్ ఆట 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల భోజనశాలలో నెవిల్ చేంబర్లేన్ అనే అధికారి చొరవతో పుట్టిందన్నది ఆ క్రీడ చరిత్రలో స్థిరపడిన విషయం. హైదరాబాద్ రాజ్యంలోనూ కంటోన్మెంటు క్లబ్బులు, కులీనుల భవనాలు ఈ ఆటకు స్థానం కల్పించాయి. 6వ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అధీనంలోకి వచ్చిన ఫలక్‌నుమా భవనంలోని బిలియర్డ్స్ గది నేటికీ ప్రసిద్ధం. మహబూబ్‌నగర్ జిల్లాకు ఆ పేరు వచ్చింది కూడా ఆ నిజాం నుంచే.

క్యూకర్రలో రెండు భాగాలు రెండు భిన్నమైన గుణాలను కోరుతాయి. మొన వైపు సన్నని భాగం నిటారుగా, ముడులు లేకుండా, వంగినా తిరిగి యథాస్థితికి వచ్చేదిగా ఉండాలి. బ్రిటన్ సంప్రదాయంలో ఇందుకు యాష్ కలపను, అమెరికా సంప్రదాయంలో గట్టి మేపుల్ కలపను ఎంచుకొంటారు. చేతిలో పట్టే వెనుక భాగానికి బరువు కావాలి, చెమటకూ రాపిడికీ ఓర్చే గట్టిదనం కావాలి, కంటికి ఇంపైన రంగు కావాలి. ఎబొనీ, రోజ్‌వుడ్ ఈ భాగానికి ప్రసిద్ధమయ్యాయి. ఆరిన మేపుల్, యాష్ కలపలు ఘనపు మీటరుకు సుమారు 700 కిలోల బరువు తూగితే, భారతీయ రోజ్‌వుడ్ 800 కిలోలను దాటుతుంది. ఎబొనీ, సాటిన్‌వుడ్ అంతకంటే బరువైనవి. లేత రంగు కర్రను, నల్లని కర్రను కోణాకారంగా చీల్చి ఒకదానిలో ఒకటి దిగేటట్లు అతకడం చేతిపనిలో మేటిదనానికి గుర్తు. అలంకారానికి మించిన ప్రయోజనం ఆ అతుకుకు ఉంది. రెండు కర్రలు కలిసే చోటు విశాలమై అతుకు బలపడుతుంది, బరువు వెనుక నుంచి ముందుకు క్రమంగా తగ్గుతుంది.

ఈ పనిలో నైపుణ్యం ముఖ్యంగా ఎంపికలోనే ఉంది. తయారీదారు కర్ర గీతలు మొదలు నుంచి మొన దాకా తెగకుండా సాగాయో లేదో చూస్తాడు. తట్టి, నాదం వింటాడు. కోసిన ముక్కను నెలల తరబడి ఆరనిచ్చి, కొద్దికొద్దిగా చెక్కుతూ, వంపు తిరిగినదాన్ని పక్కన పెడతాడు. ఈ ఓపిక, చెవి, చూపు కలప పని చేసే ఏ ప్రాంతపు వడ్రంగికైనా కొత్తవి కావు.

3. ఎత్తుభూముల కలప పరిజ్ఞానం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కృష్ణా నదికి ఉత్తరాన వ్యాపించిన దక్కన్ ఎత్తుభూములు. గ్రానైటు గుట్టలు, ఎర్రనేలలు, చెరువులు, మోటబావులు ఇక్కడి భూస్వరూపం. మైదానంలోని పల్లెకు కలప అందించినవి అడవి చెట్ల కంటే చెరువు శిఖంలోని తుమ్మ, గట్ల మీది వేప, ఊరి చింత. దక్షిణాన అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ వైపు నేల లేచి నల్లమల అవుతుంది. ఆకురాల్చే ఆ అడవిలో టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, తునికి, బిల్లుడు, సోమిద, చిరుమాను, నారేపి, తడ పెరుగుతాయి. పల్లె వడ్రంగి పరిజ్ఞానం ఈ రెండు వనరులకూ నడుమ సాగింది.

ఆ పరిజ్ఞానంలో మంచి కలప, చెడ్డ కలప అన్న విభజన కంటే ఏ పనికి ఏ కలప అన్న ప్రశ్న ముఖ్యం. ఎద్దులబండి ఇందుకు ఉత్తమోదాహరణ. చక్రం నడుమ కుంభం పగుళ్లకు ఓర్చాలి, ఆకులు నిలువు బరువును మోయాలి, పూటీలు రాతినేల దెబ్బకు ఆగాలి. తుమ్మ, జిట్రేగి చేవ ఈ పనులకు తగినవి. ఇరుసు, గొడ్డలి కామ వంటివాటికి గట్టిదనంతో పాటు సాగేగుణం కావాలి గనుక చిరుమాను మేలైనది. భూమిలో పాతే గుంజకు చెదను తట్టుకొనే నారేపి పేరుపొందింది. భారతదేశపు కలపల్లో అత్యంత బరువైనవాటిలో అది ఒకటి. తలుపులకు, ద్వారబంధాలకు వంపు తిరగని టేకు, ఏగిస తగినవి. ఎద్దుల మెడ మీద నిలిచే కాడికి మాత్రం తేలిక కర్రే మంచిది. బరువైన చేవ అక్కడ గుణం కాదు, దోషం. ఒకే వస్తువులో నాలుగైదు జాతుల కర్రలు కలిసినప్పుడే బండి నడుస్తుంది. క్యూకర్రలోని రెండు కర్రల కూర్పు వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది.

ఈ పోలికను మరింత బిగించే చెట్టు తడ. వృక్షశాస్త్రంలో గ్రూవియా టిలిఫోలియాగా, కలప వ్యాపారంలో ధామన్‌గా దీన్ని పిలుస్తారు. నిటారుగా చీలే, వంగి లేచే గుణం వల్ల దీన్ని విల్లుకు, కావడిబద్దకు, పనిముట్ల పిడులకు వాడారు. 20వ శతాబ్దపు భారతీయ కలప శాస్త్ర సాహిత్యం ఇదే గుణాన్ని గుర్తించి ఈ కర్రను గోల్ఫ్ కర్రలకూ బిలియర్డ్స్ క్యూలకూ తగినదిగా పేర్కొంది. కావడిబద్ద నడకకు తగ్గట్టు ఊగుతూ భుజం మీది భారాన్ని తేలికచేస్తుంది. క్యూకర్ర దెబ్బ తగిలిన క్షణంలో సూక్ష్మంగా వంగి లేస్తుంది. రెండింటికీ కావలసింది ఒకే స్థితిస్థాపకత. అంటే కావడి మోసే మనిషి భుజం ఎరిగిన గుణాన్నే ప్రయోగశాల తన పరిభాషలో నమోదు చేసింది.

4. సారం నుంచి శాస్త్రనామం దాకా

కలప ఎంపిక పల్లె అనుభవంలోనే కాక సంస్కృత శాస్త్రగ్రంథాల్లోనూ చోటు చేసుకొంది. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో ప్రతిమలకు కలప తెచ్చే విధిని చెప్పే వనసంప్రవేశాధ్యాయం ఉంది. పిడుగు పడినవి, గాలికి విరిగినవి, శ్మశానంలో పెరిగినవి, పక్షుల గూళ్లున్నవి వదలాలన్న నియమాలు అందులో కనిపిస్తాయి. శకునాల రూపంలో చెప్పినప్పటికీ వీటిలో కొన్నింటికి వడ్రంగి అనుభవం ఆధారం కావచ్చు. పిడుగు తిన్న, గాలికి నలిగిన కాండంలో పైకి కనబడని పగుళ్లుంటాయి. మంచాలు, ఆసనాల లక్షణాలు చెప్పే అధ్యాయం తగిన చెట్ల పట్టికలో అసన, శాక, శింశుపలతో పాటు తిందుకిని చేర్చింది. శాకం టేకు, తిందుకి తునికి ప్రజాతికి చెందినది. తిందుక మంచాన్ని ప్రస్తావించేటప్పుడు ఆ గ్రంథం దాని 'సారం' అని ప్రత్యేకించి చెప్పడం గమనార్హం. సారమంటే చేవే. తునికిలో విలువ చెట్టంతటా లేదనీ, దాని నడుమ నల్లబడిన కొద్ది భాగంలోనే ఉందనీ ఆనాటికే తెలుసునన్నమాట.

ఈ చెట్లకు ఆధునిక శాస్త్రనామాలు వచ్చింది కృష్ణా ఎగువన కాదు, తెలుగు తీరంలో. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఉత్తర సర్కారుల వృక్షజాతులను సేకరించి, చిత్రాలు గీయించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. ఆయన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా 300 చిత్రఫలకాలతో వెలువడింది. తునికికి డయాస్పిరోస్ మెలనోజైలాన్ అని, జిట్రేగికి డల్బెర్జియా లాటిఫోలియా అని పేర్లు పెట్టింది ఆయనే. మెలనోజైలాన్ అన్న గ్రీకు మాటకు నల్లకర్ర అని అర్థం. సోమిద అన్న తెలుగు పేరు సోయ్మిడా అన్న ప్రజాతి నామంగా ప్రపంచ వృక్షశాస్త్రంలో నిలిచిపోయింది.

నామకరణం జ్ఞానాన్ని పదిలపరచింది, దానితో పాటు దాన్ని స్థలం నుంచి వేరు చేసింది. చెట్టుకు ఒకే పేరు స్థిరపడడంతో దాన్ని చూడనివారు కూడా దాన్ని కోరగలిగారు, కొనగలిగారు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు రోజ్‌వుడ్, ఎబొనీల మీద దంతం పొదిగి యూరపువారి కోసం పెట్టెలు, బల్లలు చేశారు. భారత, సింహళ సాటిన్‌వుడ్ ఇంగ్లండ్ గృహోపకరణాల్లో చోటు సంపాదించింది. తునికి జాతికి 'కోరమాండల్ ఎబొనీ' అన్న పేరు వ్యాపారంలో వచ్చింది. ఆ పేరు తీరాన్ని చెబుతుంది. ఎగుమతి రేవు పేరు నిలిచింది, చెట్టు పెరిగిన లోనాడు మరుగున పడింది. పరదేశపు కలప అన్న భావనకు బీజం ఇక్కడే పడింది.

5. జాతి పేరిట హక్కు: నిజాం కాలం

1864లో బ్రిటిష్ ఇండియాలో అటవీ శాఖ ఏర్పడింది. 1865, 1878 చట్టాలు అడవిపై ప్రభుత్వాధికారాన్ని బిగించాయి. హైదరాబాద్ రాజ్యంలోనూ మొదటి సాలార్ జంగ్ పరిపాలనా సంస్కరణల దశ నుంచి అటవీ పాలన క్రమంగా రూపుకట్టింది. తొలిదశలో అటవీ శాఖ అధికారం ప్రధానంగా కొన్ని విలువైన కలప జాతుల మీద ఉండగా, మిగిలిన చెట్లు రెవెన్యూ యంత్రాంగం కింద ఉండేవి. తరువాతి కాలంలో అడవులకు హద్దులు ఏర్పరచి రక్షితం చేయడం విస్తరించింది. 1355 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం ఈ క్రమానికి పరాకాష్ఠ. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా తెలంగాణలో అది అమలులో ఉంది.

జాతిని బట్టి హక్కును నిర్ణయించే ఈ పద్ధతికి చారిత్రక ప్రాధాన్యం ఉంది. పల్లెవాడి దృష్టిలో చెట్టు ఏ పనికి తగినదో ఆ పనికి చెందుతుంది. పాలకుని దృష్టిలో అది ఏ జాతిదో ఆ జాతి ధరకు చెందుతుంది. బండి కుంభానికి జిట్రేగి మేలన్న జ్ఞానం వడ్రంగి దగ్గర ఉన్నా, జిట్రేగి మీద హక్కు లేనప్పుడు ఆ జ్ఞానం నిరుపయోగం. అతడు చెరువు తుమ్మకు పరిమితం కావలసి వచ్చింది.

వడ్రంగి శ్రమ కూడా అతనిది కాని సందర్భాలు నల్లగొండ చరిత్రలో ప్రసిద్ధం. ఊరి రైతులకు పనిముట్లు చేసి, పంట కళ్లం మీద మేరగా ధాన్యం పొందడం వడ్రంగి, కమ్మరుల వృత్తిధర్మం. దొరల గడీలకు మాత్రం వెట్టి కింద బండ్లు, నాగళ్లు, ఇతర పనిముట్లు ఉచితంగా చేసిపెట్టవలసి వచ్చేది. ఆంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకంగా సాగించిన ఆందోళనలోనూ, 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలోనూ వృత్తికులాల భాగస్వామ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం. కర్రను ఎంచే కన్ను ఒకరిది, కర్ర మీద హక్కు ఇంకొకరిది, ఫలం మరొకరిది అయిన వ్యవస్థ అది.

అడవి లోపలి పరిస్థితి వేరు. అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచుల మధ్య 1940 ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేసిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వారిపై ప్రత్యేక గ్రంథం ప్రచురించాడు. గడ్డలు తవ్వే మొనకర్ర, విల్లంబులు, తేనె తీసే సాధనాలు, వెదురు బుట్టలు చెంచుల జీవితంలో ప్రధానమైనవి. వారి సాధనాల్లో వెదురుకు, సన్నని కొమ్మలకు ఎక్కువ చోటు. పెద్ద మాను చేవను కోసే అవసరం వారికి అరుదు. చెంచులకు తునికి మొదట పండ్ల చెట్టు. కలప దృష్టితో అడవిని చూసినవారు బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు, అధికారులు. ఆ చూపు కింద చెంచు తన అడవిలోనే కూలీగా మారే స్థితి ఏర్పడింది.

6. అబ్నూస్: చేవ పేరుతో ఆకు

ఈ చరిత్రలో అత్యంత విచిత్రమైన మలుపు తునికి చెట్టుది. పర్షియన్, ఉర్దూ భాషల్లో ఎబొనీని అబ్నూస్ అంటారు. హైదరాబాద్ రాజ్యపు పరిపాలనా భాష ఉర్దూ కావడంతో తునికి ప్రభుత్వ పత్రాల్లో అబ్నూస్ అయింది. 20వ శతాబ్దంలో బీడీ పరిశ్రమ విస్తరించి తునికాకుకు గిరాకీ పెరిగింది. 1971 ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం కింద ఆకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వచ్చింది. దాని నిబంధనల్లో బీడీ ఆకుకు అధికారిక నామం 'అబ్నూస్ ఆకు'. నల్లచేవకు చెందిన రాజస పదం చివరికి బీడీ చుట్టే ఆకుకు దక్కింది.

పదం మాత్రమే మారలేదు, చెట్టు రూపమూ మారింది. బీడీకి పనికివచ్చేది లేత, మెత్తని ఆకు. అది ముదిరిన మాను కొమ్మల కంటే నరికిన మోడు నుంచి లేచే చిగుళ్లలో బాగా వస్తుంది. అందుకే వేసవికి ముందు తునికి పొదలను కొట్టడం ఆకు సేకరణలో ఆనవాయితీ అయింది. చిగురు దూస్తే మే నెల నాటికి కట్టలు సిద్ధం. గిరిజన, దళిత, వెనుకబడిన కులాల స్త్రీలకు వ్యవసాయం లేని ఎండాకాలంలో ఇది ముఖ్యమైన జీవనాధారం. అయితే ఏటేటా కొట్టిన పొద మానుగా ఎదగదు. మానుగా ఎదగనిదే చేవ రాదు. తునికిలో నల్లచేవ పాత చెట్టు నడుమ మాత్రమే, అదీ క్రమం లేని ఆకారంలో ఏర్పడుతుంది. ఒకే జాతి చెట్టు నుంచి ఆకును, చేవను రెండింటినీ పొందడం సాధ్యమే గానీ, ఒకే మొక్క నుంచి రెండింటినీ పొందడం దాదాపు అసాధ్యం.

కాబట్టి ఈ ప్రాంతంలో నల్లకర్ర అరుదు కావడానికి నరికివేత ఒక్కటే కారణమని చెప్పడం అసంపూర్ణం. ఏటా వచ్చే ఆదాయం, తరాల తరువాత వచ్చే చేవ పోటీపడినప్పుడు ఏటా వచ్చే ఆదాయమే గెలిచింది. ఆకలి ఉన్న చోట ఆ గెలుపును తప్పుపట్టడం తేలిక కాదు. బీడీ ఆకు కట్ట మీద బతికే కుటుంబానికి తునికి చేవ ఊహలోని ఆస్తి, ఆకు చేతిలోని కూలి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ విభజనను మరో రూపంలో స్థిరపరచింది. ఆ చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వెదురు, తేనె, మైనం, లక్కలతో పాటు తునికాకును పేర్కొని వాటిపై అటవీవాసుల యాజమాన్య హక్కును గుర్తించింది. నిర్వచనం మొదటి షరతు అవి కలపేతర ఉత్పత్తులై ఉండాలన్నది. చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడం ఆ చట్టం ప్రకటించుకొన్న లక్ష్యం. ఆ దిశగా అది పెద్ద అడుగు. కానీ వ్యాపార హక్కు దృష్ట్యా చూస్తే తునికి ఆకు చెంచుది, తునికి చేవ చెంచుది కాదు. చెట్టును ఆకుగా, మానుగా విడగొట్టిన నిజాం కాలపు గీత స్వతంత్ర భారతంలోనూ చెరగలేదు.

7. అభయారణ్యం, అంతర్జాతీయ నిబంధన

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత నల్లమల విలువకు పులి కొలమానమైంది. కృష్ణకు ఇరువైపులా విస్తరించిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. 2014 రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పరిధిలో సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందింది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అందులోని ప్రధాన భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. అభయారణ్యాల నుంచి ఎండిన, చావుబతుకుల్లో ఉన్న చెట్లను కూడా తొలగించరాదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. దీనితో ఆ హద్దుల్లోని జిట్రేగి, తునికి, బిల్లుడు వడ్రంగికీ వ్యాపారికీ సమానంగా దూరమయ్యాయి.

దూరపు విపణిలోనూ నియంత్రణ వచ్చింది. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 2016 జొహన్నెస్‌బర్గ్ సమావేశంలో డల్బెర్జియా ప్రజాతి మొత్తాన్ని తన రెండవ అనుబంధంలో చేర్చింది. 2017 జనవరి 2 నుంచి అది అమలులోకి వచ్చింది. సంగీత వాద్యాల తయారీదారుల ఇబ్బందుల దృష్ట్యా 2019 జెనీవా సమావేశం పూర్తయిన వాద్యాలకు మినహాయింపు ఇచ్చింది. ఇతర వస్తువుల విషయంలో ఒక్కో రవాణాలో ఆ కలప 10 కిలోలకు మించకపోతే సడలింపు వర్తిస్తుంది. పట్టుమని అరకిలో బరువు తూగే క్యూకర్ర ఆ పరిమితిలో సునాయాసంగా ఇముడుతుంది. భారతదేశం 2022 సవరణ ద్వారా సైటీస్ జాతులను వన్యప్రాణి సంరక్షణ చట్టపు 4వ షెడ్యూలులో చేర్చుకొంది.

ఈ రెండు నియంత్రణలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అసమానత బయటపడుతుంది. అంతర్జాతీయ నిబంధన తయారైన వస్తువును, దాని బరువును, దాని కొనుగోలుదారుని ఇబ్బందిని గుర్తించి సర్దుబాటు చేసుకొంది. అడవి అంచున బండి చక్రానికి, ఇంటి ద్వారానికి కర్ర కావలసినవాని అవసరాన్ని తూచే అలాంటి త్రాసు కలప చట్టంలో రూపొందలేదు. విపణిలో ఆ కలపకు 'అరుదైనది' అన్న విశేషణం ధరను పెంచింది. అడవి అంచున అదే విశేషణం ప్రవేశాన్ని మూసివేసింది.

8. ఉపసంహారం

చేయించుకొనే క్యూకర్రకు కలప ఎంచుకొనే వ్యక్తి తన ఎంపికను అభిరుచిగా భావిస్తాడు. నల్లగొండ వడ్రంగి ఎంపిక అవసరంగా లెక్కకు వచ్చింది. గుణాన్ని గుర్తించడంలో ఇద్దరి చూపూ ఒక్కటే. గీత తెగని కర్ర, తడితే మోగే కర్ర, పనికి తగిన బరువుగల కర్ర ఇద్దరికీ మంచి కర్రే. భేదమంతా ఆ చూపుకు దక్కిన స్థానంలో ఉంది. ఒకచోట అది నైపుణ్యంగా ధర పలికింది. మరొకచోట మేరగా, వెట్టిగా సాగి, ట్రాక్టరు, ఇనుప నాగలి, టైరు బండి వచ్చాక పల్లెలో దాదాపు అవసరం లేనిదైంది.

తునికి, జిట్రేగి, బిల్లుడుల చరిత్ర నుంచి తేలే విషయాలు మూడు. మొదటిది, అరుదుదనం చెట్టు స్వభావం కాదు. ఒక జాతిని దాని స్థలం నుంచి పేరు ద్వారా, హక్కు నుంచి చట్టం ద్వారా, వయసు నుంచి ఏటి ఆదాయం ద్వారా వేరు చేసినప్పుడు అది అరుదైనదవుతుంది. రెండవది, అటవీ చట్టాల వరుసలో జాతి, ఆకు, పులి ఒక్కొక్కటిగా విలువకు కొలమానమయ్యాయి గానీ, ఏ పనికి ఏ కర్ర అన్న పరిజ్ఞానం ఎన్నడూ కొలమానం కాలేదు. మూడవది, నరికివేత ఆగిన అమ్రాబాద్ లోపలి భాగంలో తునికి మానులు ఎదిగి మళ్లీ నల్లచేవ పట్టే అవకాశం నేడుంది. ఆ చేవ సిద్ధమయ్యే నాటికి దాన్ని తట్టి గుర్తించగల చెవి పల్లెల్లో మిగలాలంటే, వృద్ధ వడ్రంగుల, చెంచు పెద్దల కలప పదజాలాన్ని, ఎంపిక పద్ధతులను ఊరూరా నమోదు చేసే పని తెలుగు విశ్వవిద్యాలయ శాఖల్లో ఇప్పుడే మొదలుకావాలి. చెట్టు చేవకు వందేళ్లు పడుతుంది. మాట చేవ చచ్చిపోవడానికి ఒక తరం చాలు.